రెండు చుక్కల మధ్య గీత

ఆదివారం పొద్దున. సికింద్రాబాద్‌లో ఒక మేడ మీది గది. పియానో ముందు పదకొండేళ్ల మా అన్నయ్య కూతురు కూర్చుంది. ఆర్నెల్లపాటు వేరే క్లాసులో కుడి చేత్తోనే వాయించింది. ఈ మాస్టారి దగ్గర ఆమెకు ఇది రెండో పాఠం. ఆయన పుస్తకంలో కొత్త పేజీ తిప్పారు. పైన అయిదు గీతలు, కింద మరో అయిదు గీతలు. పై వరసలో తనకు తెలిసిన మెలికల గుర్తే ఉంది. కింది వరసలో ఉన్నది మాత్రం తాను ఎన్నడూ చూడనిది. నల్లటి గుండు చుక్క, దాని నెత్తి మీదుగా వంగి కిందికి దిగిన కొక్కెం, కుడి పక్కన ఒకదాని మీద ఒకటిగా రెండు చుక్కలు.

"ఇదేంటి మాస్టారూ, చెవిలా ఉంది?"

"చెవే అనుకో తల్లీ. ఆ రెండు చుక్కల మధ్య నుంచి ఏ గీత పోతోందో వేలు పెట్టి చూపించు."

పాప కింది నుంచి లెక్కపెట్టి నాలుగో గీత మీద వేలు పెట్టింది.

"అది ఎఫ్. ఇవాళ్టికి ఇంకేమీ గుర్తుపెట్టుకోకు. అక్కణ్ణుంచి పైకి ఒక్కో మెట్టు, కిందికి ఒక్కో మెట్టు. నీ ఎడమ చేతి ఊరంతా ఆ గీత చుట్టూనే ఉంది."

ఆ గుర్తు పేరు బేస్ క్లెఫ్. 'ఆయనది బేస్ వాయిస్' అని మనం అలవాటుగా అంటామే, ఆ బేసే ఇది. క్లెఫ్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని 'క్లావిస్'. అంటే తాళంచెవి. పాప నోటికి అనుకోకుండా వచ్చిన మాట అసలు అర్థానికి ఎంత దగ్గరగా వెళ్లిందో! అయిదు గీతలు తమంతట తాము ఏ స్వరాన్నీ చెప్పవు. ఏ గీత పేరేమిటో చెప్పే తాళంచెవి వరస మొదట్లో పడాలి. వయొలిన్, ఫ్లూటు, ఆడవారి గొంతు, పియానో మీద కుడి చేయి సాధారణంగా పై వరసలోని ఆ మెలికల గుర్తుతో, అంటే ట్రెబుల్ క్లెఫ్‌తో తెరుచుకుంటాయి. చెల్లో, డబుల్ బేస్, బసూన్, ట్రాంబోన్, ట్యూబా, మగవారి లోతు గొంతు, పియానో మీద ఎడమ చేయి బేస్ క్లెఫ్ ఇలాకాలోవి.

నేర్చుకునే పిల్లలు ఎక్కువగా భయపడేదీ, నేర్పించే పెద్దలు తక్కువగా పట్టించుకునేదీ ఈ గుర్తునే. పాశ్చాత్య సంగీతం మాత్రం దీని మీదే నిలబడి ఉందని నా నమ్మకం.

ఎర్ర గీత కథ

వెయ్యేళ్ల వెనక్కి వెళ్లాలి. ఇటలీలో గ్విడో అనే సన్యాసి ఉండేవాడు. మొదట పొంపోజా మఠంలో, తరవాత అరెజ్జో పట్టణంలో చర్చి గాయకులకు పాఠం చెప్పాడు. అప్పటికి చర్చి గీతాలన్నీ గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళ్లేవి. రాసుకునే పద్ధతి లేకపోలేదు. సాహిత్యం మీద చిన్న చిన్న గీతలు గీసేవారు. గొంతు పైకి పోవాలో కిందికి దిగాలో అవి చెప్పేవి. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది చెప్పేవి కావు. పాట ముందే వచ్చినవాడికే ఆ రాత పనికొచ్చేది. రానివాడికి అది వట్టి గీతల ముగ్గు.

గ్విడో అడ్డగీతలు గీసి, ఒక్కో గీతను, గీతల మధ్య ఖాళీని ఒక్కో స్వరానికి కేటాయించాడు. ఏ గీత ఏదో తెలియడానికి వరస మొదట్లో అక్షరం రాశాడు. అంతటితో ఆగకుండా రెండు గీతలకు రంగు వేశాడు. సి గీతకు పసుపు, ఎఫ్ గీతకు ఎరుపు. సుమారు 1026లో ఆయన రాసిన 'మైక్రోలోగస్' ఆ కాలపు సంగీత విద్యార్థులకు పాఠ్యపుస్తకం అయింది. పదేళ్లు పట్టే చదువు తన పద్ధతిలో ఒక ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో వస్తుందని ఆయన ఒక లేఖలో రాసుకున్నాడు. పోప్ 19వ జాన్ ఆయన్ని రోముకు పిలిపించుకుని, గీతల పుస్తకం ముందు పెట్టుకుని, అంతకుముందు వినని చరణం ఒకటి తానే పాడి చూశాడు.

ఏడు స్వరాలుండగా ఆ రెండింటికే రంగు ఎందుకు? దీనికి జవాబు మన సంగీతం నేర్చుకున్నవారికి చప్పున అందుతుంది. శంకరాభరణం పట్టండి. స నుంచి రి, రి నుంచి గ నిండు అడుగులు. గ నుంచి మ సగం అడుగే. ప, ద, ని మళ్లీ నిండు అడుగులు. ని నుంచి పై స సగం అడుగు. గాయకుడు తప్పటడుగు వేసేది ఈ ఇరుకు చోట్లలోనే. సి ని షడ్జమం అనుకుంటే, సగం అడుగు తరవాత వచ్చే రెండు స్వరాల్లో ఒకటి సి, రెండోది ఎఫ్. అంటే మన శుద్ధ మధ్యమం. హార్మోనియం లెక్కలో నాలుగు శ్రుతి. 'ఇక్కడ జాగ్రత్త, కింది స్వరం పక్కనే ఉంది' అని చెప్పడానికే గ్విడో ఆ గీతలకు రంగు పూశాడు. పసుపు గీత దగ్గరి అక్షరం సి క్లెఫ్‌గా మిగిలింది. ఎర్ర గీత దగ్గరి ఎఫ్ మన బేస్ క్లెఫ్ అయింది.

రంగులు పోయాయి, అక్షరం మిగిలింది. లేఖకులు శతాబ్దాల తరబడి చేత్తో రాస్తూ రాస్తూ ఆ ఎఫ్‌ని వంచారు, సాగదీశారు. నిలువు కర్ర కొక్కెంలా వంగింది. పక్కకు చాచిన రెండు అడ్డ గీతలు అరిగి అరిగి రెండు చుక్కలయ్యాయి. ఈ రోజు అచ్చులో కనిపించే ఆ చుక్కలు అక్షరం చేతులే. ఆ చేతులు ఇప్పటికీ ఎఫ్ గీతను రెండు పక్కలా పట్టుకునే ఉన్నాయి.

కన్నడ బోర్డు చదివినట్టు

ఈ గుర్తు ముందు పిల్లలు ఎందుకు తడబడతారో చెబుతాను. ట్రెబుల్ క్లెఫ్‌లో అట్టడుగు గీత పేరు ఇ. బేస్ క్లెఫ్‌లో అదే అట్టడుగు గీత పేరు జి. చుక్క అదే చోట ఉంటుంది, పేరు మాత్రం రెండు అక్షరాలు ముందుకు జరుగుతుంది. తెలుగు చదవడం వచ్చినవారు బళ్లారి వెళ్లి కన్నడ బోర్డులు చదివినప్పుడు ఏమవుతుంది? సగం అక్షరాలు మనవే అనిపిస్తాయి. ఆ ధైర్యంతోనే మిగతా సగం తప్పు చదువుతాం. బొత్తిగా తెలియని లిపి కన్నా, తెలిసినట్టే ఉండే లిపి మోసం చేస్తుంది.

ఇంగ్లిషు పుస్తకాల్లో గీతల పేర్లకు కంఠస్థ వాక్యాలు ఉంటాయి. మా మాస్టారు వాటిని దగ్గరికి రానివ్వలేదు. వాక్యం తలుచుకుని, లెక్కపెట్టి, మెట్టు వెతుక్కునే లోపు తాళం వెళ్లిపోతుందంటారు. ఆయన మూడు గుర్తులే ఇచ్చారు. రెండు చుక్కల మధ్య ఎఫ్. అయిదు గీతల నెత్తి మీద చిన్న అదనపు గీత వేసి కూర్చునేది మధ్య సి. అట్టడుగు గీత జి. మిగతావన్నీ వీటి ఇరుగుపొరుగులే.

ఆ మధ్య సి సంగతి ముచ్చటైనది. ట్రెబుల్ వరసకు కింద ఒక చిన్న గీత మీద ఉండేదీ, బేస్ వరసకు పైన ఒక చిన్న గీత మీద ఉండేదీ అదే స్వరం. రెండు ఊళ్ల మధ్య పొలిమేర రాయి. అక్కణ్ణుంచి నాలుగు మెట్లు పైకి వెళితే ట్రెబుల్ క్లెఫ్ చుట్టుకున్న జి, నాలుగు మెట్లు కిందికి వస్తే బేస్ క్లెఫ్ పట్టుకున్న ఎఫ్. కొలతలో చెప్పాలంటే మధ్య సి సెకనుకు దాదాపు 262 కంపనాలు, పైన జి 392, కింద ఎఫ్ సుమారు 175. అద్దం పెట్టినట్టు అటూ ఇటూ సమదూరం.

ఈ ఎఫ్ గుర్తు ఎప్పుడూ నాలుగో గీత మీదే లేదు. పాత రాతప్రతుల్లో మూడో గీత మీద పెడితే బారిటోన్ క్లెఫ్, అయిదో గీత మీద పెడితే సబ్ బేస్ క్లెఫ్ అనేవారు. పాడేవాడి గొంతు ఎంత మేర తిరుగుతుందో చూసి, అదంతా అయిదు గీతల్లో ఇమిడేలా గుర్తును జరిపేవారు. అదనపు గీతలు గీసే పని తగ్గేది. ఇప్పటి అచ్చులో నాలుగో గీత ఒక్కటే వాడుకలో నిలిచింది. ఇంకో వింత ఉంది. బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్ సంప్రదాయంలో గున్న ఏనుగు లాంటి ట్యూబా కూడా ట్రెబుల్ క్లెఫ్‌లోనే చదువుతుంది. దాదాపు అన్ని వాద్యాలకూ రాత ఒకటే, వేళ్లు ఒకటే కాబట్టి ఒక కళాకారుడు ఒక వాద్యం వదిలి మరొకటి సులువుగా ఎత్తుకోగలడు.

పైది మారలేదు, కింద మారింది

ఆ ఆదివారం నేను మరిచిపోలేనిది ఇదీ. మాస్టారు కుడి చేత్తో మధ్య సి కి పైనున్న సి ఒక్కటే నొక్కి పట్టుకున్నారు. "తల్లీ, నువ్వు ఎడమ చేత్తో కింద సి నొక్కు" అన్నారు. నొక్కింది. రెండూ కలిసి స్తిమితంగా, ఇల్లు చేరినట్టు వినిపించాయి. "ఇప్పుడు దానికి కింద ఉన్న ఎ." గదిలో వెలుతురు తగ్గినట్టయింది. "ఇంకా కిందికి, ఎఫ్." ఈసారి కిటికీ తెరిచినట్టు.

పాప ఆయన కుడి చేతి వంక అనుమానంగా చూసింది. "పైది మార్చారు కదూ మాస్టారూ?"

"లేదమ్మా. పైన అదే సి. కింద నువ్వే మార్చావు."

నా వైపు తిరిగి, "అత్తా, విన్నావా?" అంది. విన్నాను. ముప్పయ్యేళ్లుగా సినిమా పాటలు వింటూ, ఎక్కడో గుండె జారినట్టు అనిపించిన ప్రతిసారీ అది గాయకుడి గొప్పతనమే అనుకున్నాను. గొప్పతనం గాయకుడిదే, కాదనను. కానీ ఆ క్షణంలో కింద ఎవరో ఒక మెట్టు దిగారని నాకు అప్పటిదాకా తెలియలేదు.

మన సంగీతానికీ పాశ్చాత్య సంగీతానికీ మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. మనకు అడుగు కదలదు. తంబురా షడ్జమ పంచమాలను పట్టుకుని కచేరీ పూర్తయ్యేదాకా అలాగే ఉంటుంది. ఆ నిలకడ మీద రాగం తిరుగుతుంది. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద అద్దడం చూసే ఉంటారు. ఆ బరువుకు చర్మం నెమ్మదిగా కదిలి మంద్రనాదం పుడుతుంది. మన అడుగు ధ్వని కూడా ఎడమ చేతి కిందే ఉంది. కానీ అది శ్రుతిని, లయను నిలబెట్టే అడుగు, నడిచే అడుగు కాదు. అందుకే మన స్వరలిపికి క్లెఫ్ అవసరం రాలేదు. స ఎక్కడ పెట్టుకోవాలో పాడేవారి గొంతు చెబుతుంది. మంద్రస్థాయికి అక్షరం కింద చుక్క, తారస్థాయికి పైన చుక్క పెడితే సరిపోతుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు ప్రత్యేకమైన గుర్తులున్నాయి. ఆయన శ్రద్ధంతా స్వరం ఎలా ఊగుతుందన్న దాని మీద ఉంది. పాశ్చాత్యుల శ్రద్ధ ఆ స్వరం కింద ఏముందన్న దాని మీద ఉంది.

ఎంత శ్రద్ధంటే, 17వ శతాబ్దంలో వారు పాటను, అడుగు వరసను మాత్రమే రాసి మధ్య భాగాన్ని వాయించేవారికి వదిలేశారు. పైన గాయకుడి వరస. కింద బేస్ క్లెఫ్‌లో ఒకే ఒక్క వరస, దాని కింద 6, 7 లాంటి అంకెలు. ఆ అంకెలను బట్టి హార్ప్సికార్డ్ మీద కూర్చున్న మనిషి మధ్యలో కావలసిన స్వరాలను అప్పటికప్పుడు నింపుకునేవాడు. ఇటలీలో వియదానా 1602లో అచ్చు వేయించిన చర్చి గీతాల సంపుటితో ఈ పద్ధతికి ఊపు వచ్చింది. బాఖ్, హాండెల్ కాలమంతా అదే నడిచింది. పాట ఎటూ రాయాలి, అడుగూ తప్పకుండా రాయాలి, మధ్యది తెలిసినవాడు చూసుకుంటాడు. అడుగు వరసకు ఇంతకంటే గౌరవం ఎవరూ ఇవ్వలేదు.

పాకెల్‌బెల్ 'కానన్' పెళ్లిళ్లలో, లిఫ్టుల్లో, ఫోన్లలో ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. అందులో మూడు వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కింద చెల్లో వాయించేది ఎనిమిది స్వరాలే. షడ్జమంతో మొదలై పంచమం దగ్గర ఆగుతుంది. పంచమం మళ్లీ షడ్జమానికి లాగుతుంది. ఆ ఎనిమిదే 28 సార్లు తిరిగి వస్తాయి. పైన మూడు వయొలిన్లకు అంత స్వేచ్ఛ దొరికింది కింద ఒకరు దారి తప్పకుండా నడుస్తున్నందుకే.

గొంతు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. రష్యన్ చర్చి గానంలో వాద్యాలకు చోటు లేదు. మనిషి గొంతే అన్నీ. రాక్‌మానినోవ్ 1915లో మాస్కోలో వినిపించిన 'ఆల్ నైట్ విజిల్' అయిదో భాగం చివర బేస్ గాయకులు ఒక్కో మెట్టే దిగుతూ బి ఫ్లాట్ దగ్గర ఆగుతారు. కాగితం మీద అది అయిదు గీతల కింద రెండు అదనపు గీతలు దాటి వేలాడుతుంది. సెకనుకు సుమారు 58 కంపనాలు. అంత లోతు పలికే గొంతులు దేశమంతా వెతికినా కొద్దిగానే దొరుకుతాయి. తన అంత్యక్రియల్లో పాడాలని రాక్‌మానినోవ్ కోరుకున్నది ఈ భాగాన్నే.

ఎడమ చేతి మీదే మొత్తం భారం మోపిన రచన కూడా ఉంది. వియన్నా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్నాడు. ఆయన కోరిక మీద రావెల్ ఎడమ చేతికి మాత్రమే ఒక కాన్సర్టో రాశాడు. 1932 జనవరి 5న వియన్నాలో తొలి ప్రదర్శన జరిగింది. అది మొదలయ్యేది ఆర్కెస్ట్రా అడుగున. చెల్లోలు, డబుల్ బేస్‌ల గుసగుస మీద కాంట్రాబసూన్ చీకట్లోంచి లేచి వస్తుంది.

చెవికి తెలుసు

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక పరిశీలన ప్రచురించారు. ఒక పై స్వరం, ఒక కింది స్వరం కలిపి వరసగా వినిపించారు. అప్పుడప్పుడు రెండింటిలో ఒకటి 50 మిల్లీసెకన్ల ముందు వచ్చేలా చేశారు. కింది స్వరం ముందుకు జరిగినప్పుడే మెదడు గట్టిగా ఉలిక్కిపడింది. వేళ్లతో తాళం వేయమంటే, కింది స్వరం తప్పినప్పుడే వేళ్లు ఎక్కువగా సర్దుకున్నాయి. అంటే కాలాన్ని మన చెవి కింది నుంచి పట్టుకుంటుంది. పాట పైన వింటాం, నడక కింద వింటాం.

అందుకే డ్యాన్సు పాటల కాలం వచ్చేసరికి అడుగు వరసకు గట్టి గొంతు కావలసి వచ్చింది. మనిషెత్తు డబుల్ బేస్ డ్రమ్ముల మోతలో వినపడేది కాదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే కరెంటు గిటార్ తెచ్చాడు. దాని అట్టడుగు తీగ సెకనుకు 41 కంపనాలు. ఉన్నదున్నట్టు రాస్తే గీతల కింద గీతలు పేర్చుకుంటూ పోవాలి. అందుకని డబుల్ బేస్‌కీ, బేస్ గిటార్‌కీ ఒక స్థాయి పైకి రాస్తారు, వాయించినప్పుడు ఒక స్థాయి కిందికి పలుకుతుంది.

మనకు ఆ గిటార్ విలువ చెప్పిన మనిషి ఇళయరాజా. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం చదివి, లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలో క్లాసికల్ గిటార్‌కు బంగారు పతకం తెచ్చుకున్నారు. ఆర్కెస్ట్రాలో ప్రతి వాద్యానికీ స్వరాలు కాగితం మీద తానే రాసే అలవాటు ఆయనది. 'సాగర సంగమం' సంగీతానికి, ఆ తరవాత 'రుద్రవీణ' సంగీతానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయన పాటల్లో బేస్ గిటార్ పల్లవికి వంత పాడదు, పక్కన తనదైన మరో పాట పాడుతుంది. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీ 'వేలియంట్' వాయించింది. ఆ వేదిక మీద చెల్లోల ముందు, డబుల్ బేస్‌ల ముందు ఉన్న కాగితాల మీద మొదటి గుర్తు, మా పాప చెవి అనుకున్న ఆ గుర్తే.

ఇంత విలువైనదాన్ని మన పిల్లల దగ్గర ఎందుకు దాస్తున్నామో నాకు అర్థం కాదు. పాప ముందు వెళ్లిన క్లాసులో ఆర్నెల్లలో ఒక్కసారి కూడా ఎడమ చేయి మెట్ల మీద పెట్టించలేదు. కీబోర్డులో మీట నొక్కితే రిథమ్ దానంతటదే వస్తుంది, ఎడమ వేలు ఒకటి ఆనిస్తే మూడు స్వరాల కార్డ్ అదే పలుకుతుంది. నెల తిరిగేసరికి పిల్ల పాట వాయిస్తుంది, వీడియో తీసి బంధువులకు పంపుకుంటాం. నేనూ పంపాను. కానీ ఆ అడుగు పిల్ల వేసింది కాదు, యంత్రం వేసింది. ఏడాది పోయాక రెండు చేతుల పాఠం వచ్చేసరికి కుడి చేయి పరుగెడుతుంది, ఎడమ చేయి పసిపిల్లలా తడుముకుంటుంది. చాలామంది ఆ మలుపు దగ్గరే మానేస్తారు. 'మా వాడికి సంగీతం అబ్బలేదండీ' అంటాం. అబ్బకపోవడం కాదు, సగమే నేర్పాం. మీ పిల్లలు పియానోగానీ కీబోర్డుగానీ నేర్చుకుంటుంటే, మొదటి నెల నుంచే ఎడమ చేతి పాఠం చెప్పమని టీచరుని అడగండి. ఇంట్లో సాధనప్పుడు ఆ ఆటోమేటిక్ మీట ఆపేయించండి.

నేర్చుకునే వయసు దాటిందనుకునేవారికి ఒక పని చెబుతాను. ఫోను స్పీకర్‌లో ఈ స్వరాలు సరిగా పలకవు, చిన్న డబ్బాకు అంత లోతు లేదు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మీకు కంఠతా వచ్చిన ఇళయరాజా పాట ఒకటి వినండి. మొదటిసారి మామూలుగా వినండి. రెండోసారి గాయకుడిని పూర్తిగా వదిలేయండి. అడుగున నడుస్తున్న ఆ ఒక్క తీగను పట్టుకుని, అది ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో, చరణం ముందు ఎక్కడ ఆగిందో, పాట ముగిసేదాకా దాని వెంటే వెళ్లండి.